రెండు బిళ్ళలూ తెల్లవే

బేతంచెర్ల స్టేషన్లో రైలు దిగిన సుంకన్న నీళ్ళ కుళాయి దాకా నడిచి, అక్కడే కూలిపోయాడు. అతను సీక్రెట్ సర్వీస్ మనిషి. రైల్లో తాగిన టీలో ఎవరో బిళ్ళ కలిపారు.

హైదరాబాదులో చీఫ్ వాసుదేవ్ ఏజెంట్ లేవిని పిలిచి క్లుప్తంగా చెప్పాడు. బేతంచెర్లలో బండల పాలిష్ కూలీల మీద ఒక ట్రయల్ జరుగుతోంది. పాత, చవకైన బి.పి. మందే. షుగరుతో దెబ్బతిన్న నరాలకూ, గుండెకూ మేలు చేస్తుందేమో చూస్తున్నారు. అది గెలిస్తే ఒక విదేశీ ముఠా అమ్మబోయే ఖరీదైన మందుకు గిరాకీ ఉండదు. అందుకే ఆ మందులాగే కనబడే, సుంకన్నను చంపిన బిళ్ళలనే అక్కడా పంచబోతున్నారు.

"డోసు?"

"అదే రకం మందు, డోసు శానా ఎక్కువ. నరాలు దెబ్బతిన్నవాళ్ళు లేచి నిలబడగానే బి.పి. పడిపోతుంది. గుండె ఆగుతుంది. చెడ్డపేరు మన మందుకొస్తుంది."

లేవి తలాడించాడు. ఆ ట్రయల్లో తన తల్లి విశ్వాసమ్మ ఉందని చెప్పలేదు. చెబితే ఇంకొకరిని పంపుతారు. పోయిన వేసవిలో ఆమె అరికాల్లో బండపెచ్చు దిగితే, నెత్తురు కనబడేదాకా ఆమెకే తెలియలేదు.

ఆదివారం ఉదయం దొంగమీసం, తలగుడ్డతో లారీ క్లీనర్ వేషంలో పాలిష్ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు. నల్లకళ్ళద్దాల డాక్టర్ పద్మప్రియ కారు ఆపింది. ముఠా జీతం తింటూ సర్వీస్‌కు కబురందించే మనిషి ఆమె.

"బండ పగిలిందా?"

"గీత పడింది, అంతే."

కోడ్ సరిపోయింది. "డబ్బాలు మార్చేసినారు. చర్చి హాల్లో ఇప్పుడే పంచుతాండారు. ఎక్కు" అంది.

రైల్వే గేటు పడింది. ముందర బండల లారీలు. చేతి గడియారంలోని ట్రాన్స్‌మిటర్ రాతిదుమ్ము పట్టి మూగబోయింది. లేవి దిగి పరుగెత్తాడు.

హాల్లో అందరి అరచేతుల్లో బిళ్ళలున్నాయి. ట్రయల్ ఆఫీసరు వేషంలో ఉన్న ముఠా నాయకుడు గ్రాంట్ అసహనంగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. మింగమని ఎప్పుడో చెప్పాడు. కానీ ప్రార్థన కాకుండా అక్కడ కొత్తమందు ఎవరూ నోట్లో వేసుకోరన్న సంగతి అతనికి తెలియదు. కూలీల్లో పెద్దదైన ప్రేమమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. జబ్బు మనుషులను పేరుపేరునా తలచి, వలసపోయిన కొడుకులను, ఈనబోయే బర్రెను కూడా దేవునికి అప్పజెప్పింది. లేవి గుమ్మం తొక్కేసరికి 'ఆమెన్' వినబడింది. చేతులు నోళ్ళ దాకా లేచాయి.

"మింగొద్దండి. అది విషం."

గ్రాంట్ చెయ్యి కోటులోకి పోయింది. వెనకాలే వచ్చిన పద్మప్రియ లిప్‌స్టిక్ పిస్టల్ అతని మెడకు ఆనింది.

విశ్వాసమ్మ కొడుకును ఎగాదిగా చూసి, "ఏమప్పా లేవీ, ఆ మీసం ఎవురిది?" అంది.

రెండ్రోజులకు అసలు బిళ్ళలు సీలు విప్పని డబ్బాల్లో వచ్చాయి. ఒక్కరూ చెయ్యి చాపలేదు. లేవి బతిమాలాడు. తల్లి గుండెకు ఆ బిళ్ళే మేలు చేయొచ్చని డాక్టర్లు చెప్పారు.

"సంపనీకె వచ్చినోడూ తెల్లబిళ్ళే ఇచ్చె. నువ్వూ తెల్లబిళ్ళే ఇస్తాండావు. మాకేం తెలుచ్చాది నాయనా? ముందర నువ్వు మింగు" అంది విశ్వాసమ్మ.

లేవి మింగాడు. తుపాకులకు జంకని మనిషి, హాలు నిండా జనం కళ్ళప్పగించి చూస్తుంటే, బెంచీ మీద కదలకుండా కూర్చున్నాడు. తనకు లేని బి.పి.కి మందేసుకుని తల కొంచెం తిరిగినా బయటపడలేదు. ఎంతసేపటికీ కొడుకు పడిపోకపోయేసరికి, విశ్వాసమ్మ తన బిళ్ళ నోట్లో వేసుకుంది.

మిగతావాళ్ళు మాత్రం, ఒక్కరోజుకు ఏం తెలుస్తుందని, రేపు కూడా వచ్చి మింగిపొమ్మన్నారు.