తాళం పెట్టెలో బ్యాటరీల హత్య

మేస్త్రీ ఆఫీసులోకి వస్తూనే సంచిలోంచి మూడు బ్యాటరీలు తీసి, శవాల్ని గుర్తుపట్టమన్నట్టు బల్ల మీద వరసగా పడుకోబెట్టాడు.

"చంపేశారు సార్," అన్నాడు.

అసిస్టెంట్ చటుక్కున పెన్ను మూత తీశాడు. డిటెక్టివ్ దగ్గర చేరినప్పటి నుంచీ హత్య కేసు కోసమే కాచుకుని ఉన్నాడతను. ఇప్పటిదాకా వచ్చినవన్నీ పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే, ఒక పిల్లి కేసు తప్ప.

"ఎవరిని?" అన్నాడు ఆత్రంగా.

"వీటినే."

పెన్ను మూత మళ్లీ పెట్టేశాడు.

డిటెక్టివ్ మాత్రం ఒక బ్యాటరీ తీసుకుని, తిరగేసి, అడుగున బొటనవేలితో రాసి చూశాడు. తర్వాత అసలు సంగతి చెప్పమన్నాడు.

మేస్త్రీకి ఫర్నిచర్ షాపుంది. పెద్ద ఆర్డరొచ్చినప్పుడు వైరు లేని డ్రిల్లు మిషనూ, దానికి నాలుగు బ్యాటరీలూ కొన్నాడు. ఆర్డరు అయిపోయింది. రోజూ వాడితే అరిగిపోతాయని ఒకటి బయట ఉంచి, మూడు ఇనప పెట్టెలో దాచి తాళం వేశాడు. ఎండాకాలం పోయాక తెరిచి చూస్తే మూడింటికి మూడూ చచ్చున్నాయి. ఛార్జర్లో పెడితే ఎర్ర లైటు కొట్టుకుంటోంది తప్ప ఉలుకూ పలుకూ లేదు.

"మా అల్లుడే సార్. నా మంచివి కాజేసి, ఎక్కడివో చచ్చినవి తెచ్చి పెట్టాడు. వాడి చేతిలో ఉన్న బ్యాటరీ చూడండి, రోజూ వాడుతున్నా గుండ్రాయిలా ఉంది. దాచినవి చచ్చి, వాడినది బతకడం ఎక్కడైనా ఉందా? సాయంత్రానికి తేల్చండి. వాడే అయితే రేపట్నుంచి నా గడప తొక్కనివ్వను. మా అమ్మాయి వాడితోనే పోతానంటోంది. పోనీ, నాకేం?"

ఆ 'నాకేం' అంటూనే, సరిగ్గా ఉన్న బ్యాటరీల వరసని మళ్లీ సర్దాడు. డిటెక్టివ్ అది చూడలేదన్నట్టు నటించాడు.

మేస్త్రీ వాళ్లని వెంటబెట్టుకెళ్లాడు. షాపు వెనకే ఇల్లు. ముందుగదిలో సోఫాకి కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్, గోడ గడియారానికి ప్లాస్టిక్. అసిస్టెంట్ కూర్చోగానే సోఫా కిర్రుమంది. ఎదురుగా ముక్కాలిపీట మీద అల్లుడు కూర్చున్నాడు. పెళ్లయినప్పటి నుంచీ అతని స్థానం అదేనట. బట్టలకి రంపపు పొట్టు అంటితే సోఫా పాడవుతుందని మామగారి ఆజ్ఞ.

"నీ బ్యాటరీ ఎలా వాడతావు బాబూ?" అడిగాడు డిటెక్టివ్.

"అందరిలాగే సార్. బ్యాటరీ మీది నాలుగు లైట్లలో ఒక్కటే మిగలగానే తీసి ఛార్జింగ్ పెట్టేస్తా."

"పూర్తిగా అయిపోయేదాకా ఆగవా?"

"నిచ్చెన మీదుండగా ఆగిపోతే దిగాలి కదా సార్. నాకు బద్ధకం."

"తీసిన వెంటనే పెడతావా?"

"లేదు సార్, వేడిగా ఉంటుంది. కిటికీలో నీడన పడేసి టీ తాగొస్తా."

"విన్నారా?" మేస్త్రీ గయ్యిమన్నాడు. "ఇంకా లైటు వెలుగుతుండగానే ఛార్జింగు! కరెంటు ఎవరబ్బ సొమ్మనుకున్నావురా?"

అల్లుడు తల దించుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ కూతురు తండ్రి వైపు చూసిన చూపుకి గడియారం మీది ప్లాస్టిక్ కరగాల్సింది.

అసిస్టెంట్ అనుమానం మాత్రం మూల కూర్చున్న మేస్త్రీ తమ్ముడి మీద పడింది. ఆయన వచ్చిన దగ్గర్నుంచీ చంకలో సంచి వదల్లేదు. ఏమిటది అంటే "రసీదులు" అంటాడు. రసీదులు గలగలమంటాయా? పైగా, "అన్నయ్యా, నేనప్పుడే చెప్పలేదూ, బయటివాణ్ణి షాపులో పెట్టుకోవద్దని?" అని మధ్యమధ్యలో మంటలో నెయ్యి పోస్తున్నాడు.

మేస్త్రీ భార్య టీ తెచ్చింది.

"ఈయన ఏదైనా పిండకుండా వదలరు బాబూ," అంది, అడక్కుండానే. "టూత్‌పేస్టు గొట్టం కత్తెరతో కోసి లోపల బ్రష్షుతో గీకుతారు. ఆ మిషనూ అంతే. పెట్టెలో దాచే రోజు, చెక్కా లేదు ఏమీ లేదు, పెరట్లో కూర్చుని గాల్లో బర్రుమని తిప్పుతూనే ఉన్నారు, ఒక బ్యాటరీ తర్వాత ఒకటి పెట్టి. అది ఆగిపోయేదాకా లేవలేదు. నేను ఏమైనా పూనిందేమో అనుకున్నా."

"అవన్నీ ఇప్పుడెందుకే?" అన్నాడు మేస్త్రీ. సోఫా కిర్రుమంది.

డిటెక్టివ్ షాపులోకి వెళ్లాడు. రేకుల కప్పు కింద, అటక మీద ఇనప పెట్టె. పొద్దు వాలుతోంది, అయినా మూత మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనడంతో తీసేసుకున్నాడు. అసిస్టెంట్ తాళాన్ని భూతద్దంతో పరీక్షించాడు. ఒక్క గీత లేదు.

"సార్, దొంగ తాళంచెవితో తీశారు!" అన్నాడు ఉత్సాహంగా.

"టీ బాగుంది కదూ," అన్నాడు డిటెక్టివ్.

అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టాక, డిటెక్టివ్ గొంతు సవరించుకున్నాడు. అసిస్టెంట్‌కి ఒళ్లు జలదరించింది. ఈ ఘట్టంలో అతనికి పిల్లి కేసులో కూడా జలదరించింది.

"ముందు ఆ సంచి," అన్నాడు డిటెక్టివ్.

తమ్ముడు పాలిపోయాడు. సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్లు బయటపడ్డాయి.

"ఇంట్లో చెప్పొద్దు సార్," అన్నాడు ఏడుపు గొంతుతో. "షుగరని మా ఆవిడ ముట్టనివ్వట్లేదు."

"ఈయన దొంగే గానీ, మనకి కావలసిన దొంగ కాదు. ఇప్పుడు చెప్పండి మేస్త్రీగారూ, మీ వస్తువులకి గుర్తు పెట్టుకుంటారా?"

"ప్రతిదానికీ. అడుగున మేకుతో మూడు గీతలు. ఎవరికీ తెలీదు."

"ఈ మూడు బ్యాటరీల అడుగునా ఆ గీతలు ఉన్నాయి. మీరు చూడలేదా?"

"చూశాను. కనబళ్లేదు."

"కళ్లజోడు లేదా?"

"కొత్తది చేయించాను. పెళ్లిళ్లకీ పేరంటాలకీ అని దాచాను," అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా.

"అంటే వీటిని ఎవరూ మార్చలేదు. తాళం ఎవరూ తియ్యలేదు. ఇవి మీరు దాచినవే. మరి చంపిందెవరు?" డిటెక్టివ్ ఆగాడు. "గాల్లో ఎందుకు తిప్పారు?"

"ఖాళీ చెయ్యడానికి. నేను పని నేర్చుకునే రోజుల్లో మా గురువు చెప్పాడు, చుక్క లేకుండా వాడాకే పక్కన పెట్టాలని."

"అప్పటి బ్యాటరీల రకం వేరు, ఆయన చెప్పింది వాటికి నిజమే. ఈ రకానికి కడుపు ఖాళీగా ఉంచకూడదు. వాడకపోయినా లోపల కొంచెం కొంచెం తగ్గుతూనే ఉంటుంది. మీరు చుక్క లేకుండా పిండి, మండే రేకు కింద ఇనప పెట్టెలో పడుకోబెట్టారు. ఉన్న కాస్తా పోయింది. అంత అడుగుకి పడిపోతే ఛార్జరు ముట్టుకోదు. దాచాలంటే నాలుగు లైట్లలో రెండు వెలుగుతుండగా, చల్లని చోట దాచాలి. అప్పుడప్పుడూ తీసి చూడాలి. వాడేటప్పుడు పూర్తిగా అయిపోనివ్వకూడదు, వేడి తగ్గాకే ఛార్జింగ్ పెట్టాలి. మీ అల్లుడు బద్ధకం కొద్దీ చేసినవన్నీ అవే. అందుకే అతని చేతిలోది బతికింది."

తమ్ముడు బిస్కెట్లు మళ్లీ సంచిలోకి సర్దుకున్నాడు.

మేస్త్రీ చనిపోయిన మూడింటినీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అడుగున బొటనవేలితో తడిమాడు. ఒకటి, రెండు, మూడు గీతలు. కూతురు గుమ్మంలోనే ఉంది. ఆమె పక్కన బట్టలు సర్దిన పెట్టె ఉంది. అది ఇప్పుడే చూశాడాయన.

లేచాడు. కత్తెర తెచ్చాడు. టూత్‌పేస్టు గొట్టాలు కోసే కత్తెరే. సోఫా దగ్గర వంగి, ఆ చివరి నుంచి ఈ చివరికి ప్లాస్టిక్ కవరు చర్రున కోసేశాడు. కింద ఉన్న బట్ట మెరూన్ రంగుదని ఆ ఇంట్లో చాలామందికి అప్పుడే తెలిసింది.

"ఏవండీ!" అంది భార్య భయంగా.

"దాచి దాచి ఇంకెన్ని చంపమంటావే?" అన్నాడు మేస్త్రీ. జేబులోంచి ఇనప పెట్టె తాళంచెవి తీసి, అల్లుడి వైపు చూడకుండానే చాచాడు. "ఇదిగో. రెండు లైట్ల దగ్గర ఆపాలట. నాకు కనబడదు, నువ్వే చూసుకో. ఇలా వచ్చి కూర్చో."

"బట్టలకి పొట్టుంది మామయ్యా."

"ఉండనీ."

అల్లుడు కూర్చున్నాడు. సోఫా కిర్రుమనలేదు. గుమ్మంలో కూతురు పెట్టెని కాలితో నెమ్మదిగా లోపలికి తోసింది.