సంతకం లేని ఉత్తరం

ఉదయం 9:40కి పెన్సిలిన్ ఇంజెక్షన్. 9:52కి ఎలెయుతేరియో కెసాడా ప్రాణం పోయింది. ఆ మందు అతని ఒంటికి పడదు.

మధ్యాహ్నం రెండింటికి సార్జెంట్ బాయెసా సరిహద్దు ఊరు ఎల్ పాసోలోని ఆసుపత్రిలో ఓ ఇరుకు గదిలో ముగ్గుర్ని కూర్చోబెట్టాడు. మందు రాసిన డాక్టర్ ప్రూయిట్. అనువాదకురాలు కసీల్దా. పోయినవాడి భార్య దోన్యా ఎవెలియా. ఆమెకు చదువు రాదు, ఇంగ్లీషు అసలే రాదు.

"పేషెంటు స్పృహలో లేడు," అన్నాడు డాక్టర్. "సరిహద్దు వంతెన అవతలి డాక్టరు స్పానిష్‌లో రాసిచ్చిన ఉత్తరమే మాకు ఆధారం. ఈవిడ చేసిన ఇంగ్లీషు అనువాదంలో అలర్జీ ఊసే లేదు. ఉత్తరం నిండా స్పెల్లింగ్ తప్పులట. ఈవిడ ఏదో మాట మింగేసింది."

కసీల్దా మొహం పాలిపోయింది. ఆ మాట రుజువైతే పధ్నాలుగేళ్ళ ఉద్యోగం ఇవాళ్టితో సరి.

"తప్పులు పందొమ్మిది సార్. షుగరు, బీపీ, ఆఖరికి న్యుమోనియా కూడా తిన్నగా రాయలేదు ఆ మహానుభావుడు. ఒక్కోటీ సరిచూసి రాశాను. ఇదిగో నాకొచ్చిన స్కాన్."

బాయెసా ఒక్కో మాటా పోల్చి చూశాడు. పందొమ్మిదీ సరిగ్గానే ఉన్నాయి.

"సంతకం ఏదమ్మా?"

"లేదు సార్. ఉంటే 'సంతకం, ముద్ర ఉన్నాయి' అని రాయడం మా పద్ధతి. లేవు కాబట్టి రాయలేదు."

"ఎందుకు లేవని అడిగావా?"

"తోచలేదు సార్. ఆ తప్పుల్లోనే తలమునకలుగా ఉన్నాను."

బాయెసాకి ఒళ్ళు మండింది. అతను అవతలి గట్టున పుట్టినవాడు. అక్కడ ముద్ర కొట్టనిదే దగ్గు మందైనా రాయరు. ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

"దోన్యా ఎవెలియా, అసలు ఉత్తరం మీ దగ్గరుందా?" అని స్పానిష్‌లో అడిగాడు.

ఆమె సంచిలోంచి లోపలిది కనిపించే ప్లాస్టిక్ కవరు తీసింది. "వంతెన మీద ఒకటే వాన నాయనా. తడవకుండా తెచ్చాను. అన్నీ ఇందులోనే ఉన్నాయని చెప్పి కౌంటర్లో ఇచ్చాను. కాసేపటికి తిరిగిచ్చేశారు."

అతను కవర్లోంచి కాగితం లాగాడు. అడుగున నాలుగు వేళ్ళ మేర వెనక్కి మడిచి ఉంది. విప్పాడు. సంతకం. గుండ్రటి ఊదా ముద్ర. వాటి పైన ఎర్ర సిరాతో ఒక్క వాక్యం: పెన్సిలిన్ ఇవ్వకూడదు. అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

"అక్కడి కాగితం పొడుగు. ఈ కవరు పొట్టి," అన్నాడు బాయెసా ఇంగ్లీషులో. "కౌంటర్లో కవరుతోనే స్కాన్ చేసేశారు. ఈవిడ మింగింది ఏమీ లేదు."

కసీల్దా ఏడ్చేసింది. డాక్టర్ తల దించుకున్నాడు. "మరి ఎవర్ని అరెస్టు చేస్తారు?"

బాయెసా కాగితం బల్ల మీద పరిచాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత నిస్సహాయంగా అతను ఎప్పుడూ కూర్చోలేదు.

"ఆ ఎర్రగా ఏం రాసుంది నాయనా?" అంది దోన్యా ఎవెలియా.

"కౌంటర్లో వాళ్ళు కవరు విప్పి చూడాల్సిందమ్మా. తప్పు వాళ్ళది."

"ఎర్రగా ఏం రాసుంది?"

చెప్పాడు.

ఆమె కాగితం అందుకుంది. మడత మీద మెల్లగా వేలు పోనిచ్చింది.

"కవర్లో పట్టలేదు నాయనా," అంది. "నలిగిపోతుందని నేనే మడిచాను."