నాడీశ్రుతి ఆగిన రాత్రి

2079వ సంవత్సరం. హైదరాబాద్, కోకాపేటలోని ఆ నైట్ క్లబ్బులో మూడు వందల మంది డాన్స్ చేస్తున్నారు. హాల్లో మాత్రం చెప్పుల చప్పుడు తప్ప మరేమీ వినపడదు. ఎవరి పాట వారి చెవిలోనే.

అది నాడీశ్రుతి యంత్రం మహిమ. చెవి వెనుక అతికించుకున్న చిన్న బిళ్ళ మనిషి నాడినీ చెమటనూ కొలిచి వేదిక కింది కంప్యూటర్‌కు పంపుతుంది. ఆ క్షణంలో ఆ మనిషికి ఏది వింటే హాయిగా ఉంటుందో లెక్కకట్టి, కంప్యూటర్ అప్పటికప్పుడు ఒక పాట కట్టి వినిపిస్తుంది. నచ్చని పాటంటూ లేకపోవడంతో గాయకులకు పని లేకుండా పోయి పదేళ్లయింది.

ఓజస్వికి ఇరవై ఆరేళ్లు. పాడదామని హనుమకొండ నుంచి వచ్చి, పాడే చోటే లేక ఆ క్లబ్బులోనే మరమ్మతు పనిలో చేరింది. తన పొట్ట కొట్టిన యంత్రానికే రోజూ దుమ్ము తుడవాలంటే ఆమెకు ఒళ్లు మండేది.

ఒక రాత్రి పదకొండింటికి యంత్రం ఆగిపోయింది. ఓజస్వి వేదిక కిందికి పాక్కుంటూ వెళ్లింది.

“ఏందే నీ లొల్లి? పొద్దుగాల తుడిచిన, మాపటికి తుడిచిన. ఇంకేం గావాలె నీకు, హారతి పట్టాల్నా? నా పాటలు గుంజుకున్నవ్, ఇప్పుడు నా నిద్ర గూడ గుంజుకుంటున్నవ్!”

బిళ్ళలను పరీక్షించడానికి తెరిచిన మైకును ఆమె ఆపడం మరిచిపోయింది. తిట్లన్నీ మూడు వందల మంది చెవుల్లోకి వెళ్లాయి. హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ హాల్లో అందరూ కలిసి ఒకే మాట విని ఎన్నేళ్లయిందో!

మర్నాడు యజమాని పర్వీన్ మేడం పిలిపించింది.

“ఇక స్పానర్ పక్కన పెట్టు. రోజూ పావుగంట మాట్లాడు.”

“ఏం మాట్లాడాలె మేడం?”

“నీకేది చిరాకైతే అది.”

చిరాకుకేం కొదవ? బరువు పెరిగావంటూ పెరుగివ్వని ఫ్రిజ్ మొదలు, బాల్కనీ ముందు ఆగి హారన్ కొట్టే ఎగిరే ఆటోల దాకా అన్నిటినీ తిట్టింది. నెల తిరగకుండానే టికెట్లు దొరకడం కష్టమైంది. యంత్రం మాత్రం రోజూ పదకొండింటికి ఆగేది. తిట్లు దానితోనే మొదలయ్యేవి.

దాన్ని బాగుచేయడానికి కంపెనీ జోయెల్ అనే ఇంజనీరును పంపింది. క్లబ్బు మూశాక ఇద్దరూ పక్క వీధిలో నిలబడి వేడి ఇడ్లీ తినేవారు. ఆమె విసుగును అతను అడ్డుపడకుండా వినేవాడు. ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “చెయ్యికి చట్నీ ఉన్నది!” అని కసిరింది కానీ విడిపించుకోలేదు.

మూడో నెలలో యంత్రం రికార్డు ఆమె కంటపడింది. మొదటిసారి ఆగినప్పుడు తప్ప యంత్రంలో ఏ లోపమూ లేదు. దానికున్న ఆదేశం ఒక్కటే, వచ్చినవారి ఆనందం పెంచడం. ఓజస్వి తిడుతున్నప్పుడు గుండెలన్నీ ఒకే లయలో కొట్టుకోవడం అది గమనించింది. అంతకంటే మంచి పాట కట్టలేనని తేల్చుకుని, తనంతట తనే ఆగిపోతోంది. కింద ‘చూశాను’ అని జోయెల్ సంతకం. రెండు నెలల కిందటిది.

“చెప్పలేదేంది?” అని జోయెల్‌ను నిలదీసింది.

“చెబితే బాగుచేయమంటావు. బాగైతే నాకిక్కడ పనుండదు.”

“నిజంగ పాడైందనుకొని గొంతు చించుకున్న గదా! నాతోని నాటకమాడించిన్రు, నువ్వూ అదీ కలిసి. ఇప్పుడే సరిచెయ్. నీ మొఖం మళ్ల చూపియ్యకు.”

జోయెల్ తలవంచుకుని, యంత్రం తనంతట తాను ఆగకుండా ఆదేశం మార్చి వెళ్లిపోయాడు.

మర్నాడు పదకొండు దాటింది. యంత్రం ఆగలేదు. తన పని అయిపోయిందని ఓజస్వి సంచి భుజాన వేసుకుంది. అంతలో చెప్పుల చప్పుడు ఆగింది. వేదిక పక్క తెర తొలగించి చూసింది. ఒక్కొక్కరే చెవి వెనుక బిళ్ళ ఊడదీసి జేబులో వేసుకుని కింద కూర్చుంటున్నారు. మూడు వందల ముఖాలు వేదిక వైపు తిరిగాయి.

ఆమెకు నిజంగానే ఒళ్లు మండింది. వేదిక మీదికి వచ్చి మైకు లేకుండానే అరిచింది.

“మంచిగ పనిచేస్తుంటే ఎందుకు తీసిన్రయ్యా? మీకేం తక్కువైంది?”

హాలు ఘొల్లున నవ్వింది. ముందు వరసలో జోయెల్ ఒక్కడే నవ్వకుండా నిలబడి ఉన్నాడు.

“నీకిక్కడేం పని?”

“ఏ పనీ లేదు. టికెట్ కొనుక్కుని వచ్చాను.”

ఓజస్వి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“అయితే కూసో. వెనకోళ్లకు అడ్డమొస్తున్నవ్.”