ముప్పై ఆరు పచ్చ దీపాలు

ఉదయం ఏడుంబావు. ఉదయగిరి కోట మెట్ల మీద ఏజెంట్ జోసెఫ్ మరోసారి ఫోన్ చూసుకున్నాడు. చీఫ్ జనార్దనయ్య పేరు. పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు. "ఒంటరిగా రా. అర్జెంట్."

టిక్కు ఉంది కాబట్టే వచ్చాడు.

రెండో మలుపులో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఒక్కసారి దగ్గింది. జోసెఫ్ రాళ్ల మీద ఒరిగిపోయాడు.

పదకొండు రోజుల తర్వాత ఆత్మకూరు బస్ డిపో ఎదురుగా, ఎరువుల కొట్టు వెనక గదిలో జనార్దనయ్య తలవంచుకుని కూర్చున్నాడు.

"ఆ మెసేజి నేను పెట్టలేదమ్మా."

ఎదుట ఉన్నది ఏజెంట్ సుకుమారి. జోసెఫ్ భార్య. పదకొండు రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా ఏడవలేదు. తుపాకీ మాత్రం రోజూ తుడిచింది.

"తెలుసు సార్. ఎవరు పెట్టినారో చెప్పండి, చాలు."

"మెసేజిలు పంపుకునే ఈ దండోరా యాప్‌కు ఓనర్ లేడు, ఊరికో సర్వర్. ఉదయగిరిది ఉదయగిరిలో, సీతారామపురానిది సీతారామపురంలో. ఒకణ్ణి కొంటే అందరూ అమ్ముడుపోయే పని లేదు. అందుకే జనం నమ్మినారు. దొంగ అకౌంట్లు ఎక్కువైనాక, ఎవరు అసలో తేల్చే పని మాత్రం ముప్పై ఆరు ఊళ్లూ కలిసి ఒక్క ఆఫీసుకిచ్చినాయి. ఇక్కడే, ముద్ర సెంటర్. టిక్కులన్నీ అక్కడినుంచే."

"ముప్పై ఆరు ఇళ్లు కట్టుకోని తాళంచెవి ఒకడికిచ్చినారా?"

"ఇప్పుడా డిజిటల్ తాళంచెవి హెరాన్ అనే విదేశీ ముఠా చేతిలో ఉండాది. అది ఉంటే వాళ్లే నేను, వాళ్లే కలెక్టర్, వాళ్లే డాక్టర్. ఈరోజు పదకొండు గంటలకు టిక్కున్న రెండొందల అకౌంట్ల నుంచి ఒకటే మాట వస్తాది. ఆనకట్ట తెగింది, పారిపోండి అని. బజారు, బస్టాండు, బళ్లు... తొక్కిసలాటలో ఎంతమంది పోతారో! వాళ్లకది డెమో. అది చూసి కొనేవాళ్లు బయటి దేశాల్లో కాసుక్కూచున్నారు."

"సెంటర్‌కు కరెంటు పీకేస్తే?"

"లాభం లేదు. తాళంచెవి యాడున్నా పని చేస్తాది. ఏ ఊరికి ఆ ఊరు తన సర్వర్లో ముద్ర టిక్కును చెల్లదని కొట్టేయాల. కొట్టేయండని నేను మెసేజి పెడితే, అది నేనేనని ఎవడు నమ్ముతాడు?"

సుకుమారి గోడగడియారం వైపు చూసింది.

"సెంటర్ లోపల మనకు ఇన్‌ఫార్మర్ ఉండాది. కృపారాణి, సెక్యూరిటీ హెడ్. మన ఉదయగిరి బాప్తిస్టుల బిడ్డే, ఫారిన్‌లో చదివొచ్చింది. మేనేజర్ పెంచలప్రసాద్ దొంగని చెప్తాంది. వాణ్ణి ప్రాణాలతో పట్టుకో."

"ప్రాణం సంగతి మాటియ్యలేను సార్."

జనార్దనయ్య ఒక ఉదయగిరి చెక్క గరిటె ఆమె ముందుకు జరిపాడు. "కాడ నొక్కితే సూది పోతాది. తగిలిన చెయ్యి మొద్దుబారుద్ది. పేరుకు తగ్గట్టు సుకుమారంగా వాడమ్మా."

పది గంటల పది నిమిషాలకు ముద్ర సెంటర్ హాల్లో గరిటెలమ్మే ఆడమనిషి ఒకతె గంప దించింది. నలిగిన నేతచీర, వక్కాకుతో ఎర్రబడ్డ నోరు.

"టిక్కు కావాలమ్మా, ఆన్‌లైన్లో అమ్ముకోవాల."

లోపలినుంచి కృపారాణి వచ్చింది. ముదురు నీలం పట్టుచీర, నల్లకళ్లద్దాలు, నడకలో ఎవరినీ లెక్కచెయ్యని తీరు. హాల్లో క్యూ మొత్తం ఆమెవైపే తిరిగింది.

"ఇవి చింతచెక్క గరిటెలా?" అది కోడ్.

"కాదమ్మా, కొండచెక్క. వానకు తడవనియి."

కృపారాణి గొంతు తగ్గించింది. "ప్రసాద్ పైన ఉన్నాడు. పావుతక్కువ పదకొండుకు రా. ఒంటరిగా."

ఆమె మెట్లెక్కిపోయింది. సుకుమారి బల్ల మీద కూర్చుని గోడమీది టీవీ చూసింది. దరఖాస్తు ఎలా పెట్టాలో జనానికి చూపించడానికి, సెంటర్ ఇచ్చిన మొట్టమొదటి టిక్కు ఫైలును నమూనాగా తిప్పుతున్నారు. అది కృపారాణిదే. పుట్టింది 1995 మార్చి. దాని కింద సర్టిఫికెట్. ఉదయగిరి బాప్తిస్టు సంఘంలో బాప్తిస్మం, 1995 ఏప్రిల్.

సుకుమారి ఆ తేదీ రెండుసార్లు చదివింది. అదే సంఘంలో తనకు బాప్తిస్మం పదిహేడేళ్లకు. పాస్టరు గారు అందరి ముందూ మూడుసార్లు అడిగి, తను ఔనన్నాకే నీళ్లలో ముంచారు.

వరండాలోకొచ్చి ఫోన్ చేసింది. అవతల లిదియమ్మ. రిటైరైన టీచరు, సంఘానికి పెద్దదిక్కు. ఉదయగిరి దండోరా సర్వర్ చూసుకునేదీ ఆమే.

"అవ్వా, మన సంఘంలో నెలబిడ్డకు బాప్తిస్మం ఇస్తారా?"

"ఏమ్మే, మతి పోయిందా? పాలు తాగే బిడ్డ ఏం ఒప్పుకుంటాదని ముంచేది? అది వేరే సంఘాలోళ్ల పద్ధతి."

"కృపారాణి అని మన సంఘం బిడ్డ ఎవరన్నా ఫారిన్ పోయినారా?"

"పుట్టిందే లేదు, పొయ్యేదేంది?"

కాగితాన్ని కాగితంతో సరిచూసి ఆఫీసు టిక్కు కొట్టింది. ఉదయగిరిలో ఒక్క ముసలమ్మను అడిగి ఉంటే జోసెఫ్ బతికుండేవాడు.

సుకుమారి జరిగింది నాలుగు మాటల్లో చెప్పింది. "అన్ని ఊళ్లూ ముద్ర టిక్కును కొట్టేయాలవ్వా. మెసేజిలు వద్దు, నోటితో చెప్పు. పదకొండు లోపల."

"నేను పదిమందికి చేస్తా. వాళ్లు వాళ్లకు తెలిసినోళ్లకు చేస్తారు. నా గొంతు గుర్తుపట్టనోడెవడు ఈ తట్టు? సగం మందికి చెవులు మెలిపెట్టింది నేనే గదా!"

పావుతక్కువ పదకొండు. పై గదిలో పెంచలప్రసాద్ కుర్చీకి కట్టేసి ఉన్నాడు, నోట్లో గుడ్డ. కృపారాణి పిస్టల్ సుకుమారి గుండెకు గురిపెట్టింది. ఆమె వెనక గోడమీద పెద్ద స్క్రీన్. ముప్పై ఆరు ఊళ్ల పేర్లు, ముద్ర టిక్కు అక్కడ చెల్లుతోందని ఒక్కో పేరు పక్కన పచ్చ దీపం.

"దొంగ, దొంగను పట్టుకోబోయిన ఏజెంట్, ఇద్దరూ కాల్చుకుని చచ్చారు. రిపోర్ట్ నేనే రాస్తాను," అంది కృపారాణి.

స్క్రీన్ మీద ఉదయగిరి దీపం ఆరింది. సుకుమారి చూపు తిప్పలేదు. ఈమెను వెనక్కి తిరగనివ్వకూడదు.

"ఎట్టాగూ పోతాను. నువ్వెవరో చెప్పు."

కృపారాణి నవ్వింది. "చచ్చేవాళ్లకు నా అసలు పేరు చెప్పడం నాకు సరదా." దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది, పేరు, దేశం. "మీ ఆయనకూ చెప్పాను."

సీతారామపురం ఆరింది. తర్వాత అయిదారు ఒక్కసారే, వాటి వెంటే మరిన్ని.

"ఆయనేమన్నాడు?"

"నీ పేరు పిలిచాడు."

సుకుమారి వేళ్లు గరిటె కాడ మీద బిగుసుకున్నాయి. ఇప్పుడు కాదు. ఇంకా పన్నెండు దీపాలున్నాయి. జోసెఫ్ ఎలా పడ్డాడో, ఎంతసేపు బతికాడో అడుగుతూ పోయింది. ఆమె చెబుతూ పోయింది. ప్రతి మాటా నిప్పులా మింగి సుకుమారి దీపాలు లెక్కపెట్టింది. ఆరు. మూడు. ఒకటి.

చేజర్ల ఆరలేదు. ఆ సర్వర్ చూసే రైతు పొలంలో మోటారు ఆన్ చేసి, ఆ మోతలో మొదట ఫోన్ వినలేదని తర్వాత తెలిసింది.

పదకొండుకు ఇంకా అరనిమిషం. కృపారాణి మెసేజిలు పంపే బటన్ కోసం తిరిగింది. చీకటి స్క్రీన్, ఒకే దీపం.

"ఏం చేశావ్?"

"నేనేం చేసినాను? ఊళ్లోళ్లు ఫోన్లు చేసుకుంటా ఉండారు."

గరిటె కాడలోంచి సూది దూసుకుపోయింది. కృపారాణి కుడిచేతిలో దిగింది. పిస్టల్ కిందపడింది. కృపారాణి ఎడమ చేత్తో బటన్ మీదికి దూకింది. చేజర్ల దీపం ముందు ఆరింది, ఒక్క క్షణం తేడాతో ఆమె బటన్ నొక్కింది.

రెండొందల మెసేజిలు బయల్దేరాయి. ఒక్కదానికీ టిక్కు లేదు. ఏ ఊరి సర్వరూ వాటిని గడప దాటనివ్వలేదు. కింద బజారులో బేరాలు అలాగే సాగుతున్నాయి.

సుకుమారి పిస్టల్ తీసి ఆమె నుదుటికి ఆనించింది. మెట్ల మీద జనార్దనయ్య రొప్పుతూ వచ్చాడు. "వద్దమ్మా!"

సుకుమారి చేయి దించింది. "నిజమే సార్. కాలిస్తే ఒక్క క్షణంలో అయిపోతాది. దీనికి అంత తక్కువ చాలదు."

రెండు నెలలకు జనార్దనయ్య ఒక ఫారం తెచ్చాడు. ఖైదీ దగ్గర ఐదు పేర్లతో ఐదు కార్డులు దొరికాయి, అన్నీ దొంగవే. ఫలానా దేశస్థురాలేనని తెలిసినవాళ్లు ఒక్కరు సంతకం పెడితే ఆ దేశం ఆమెను ఇంటికి తీసుకుపోతుందట. ఎవరూ పెట్టకపోతే జీవితాంతం ఇక్కడి జైలే, పేరు బదులు నంబరు.

"తన పేరూ దేశమూ నీకు చెప్పినానని ఏడుస్తా ఉండాదమ్మా. నువ్వు చెప్తే చాలంట."

సుకుమారి పెన్ను తీసుకుని తీరిగ్గా రాసింది: 'ఈ మనిషిని నేనెరగను.'

జనార్దనయ్య చదివి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇది నిజమేనా?"

"వెరిఫై చేసుకోండి సార్."