ఎవరన్నా ఒకరు దిగండయ్యా

మాధవరంలో వీరరాఘవులు శెట్టి కారును ఎరగనివాళ్లు లేరు. పెట్రోలు ధర ఆకాశానికెక్కిన ఏడాది, "నా మిరపకాయల లాభమంతా దీని పొట్టకే పోయాల్నా?" అని మండిపడి, పాత ఫియట్‌లోంచి ఇంజను పీకించేశాడు. హార్బరులో సరుకులు లాగే బ్యాటరీ బండ్లు రిపేరు చేసే మునిరత్నం, అలాంటి బండి మోటారే ఒకటి తెచ్చి బిగించిపెట్టాడు. డిక్కీ నిండా బ్యాటరీలు. రాత్రంతా కరెంటు తాగడం, పగలు రాయపురంలోని మిరపకాయల మండీకి పోయి రావడం. తొమ్మిదేళ్లుగా దానికి అదే పని.

చప్పుడు లేని కారు. అది పక్కనుంచి పోతే నిద్రపోయే కుక్క కూడా చెవి కదిపేది కాదు. జనం ఎంత ఎగతాళి చేసినా శెట్టికి అదంటే ప్రాణం.

దానికున్న జబ్బల్లా ఒకటే. దారిలో, వ్యాసర్పాడి దగ్గర, రైలు పట్టాల మీద బ్రిడ్జి ఉంది. ఛార్జి తగ్గిందంటే ఆ ఎత్తు ఎక్కలేక మూలిగేది. అప్పుడు శెట్టి కిందనే ఆపి, "ఎవరన్నా ఒకరు దిగండయ్యా" అనేవాడు. దిగినవాళ్లు నడిచి బ్రిడ్జి దాటి అవతల నిలబడితే మళ్లీ ఎక్కించుకునేవాడు. ఎక్కువసార్లు దిగేది ఆయన భార్య వాసవాంబే. ఆయన నోట్లోంచి ఆ మాట రావడమే ఆలస్యం, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దిగిపోయేది. "ఆడ నిలబడుంటా. మర్చిపోయి పోవద్దండి," అనేది.

ఒకసారి నిజంగానే మర్చిపోయాడు మహానుభావుడు. మండీలో మూటలు దింపిస్తుంటే భార్య గుర్తొచ్చింది. పరుగున వెనక్కి పోతే, ఎండలో మూతి ముడుచుకుని నిలబడి ఉంది. "నన్ను వదిలేసి పోయినారే!" అంది. ఆ తర్వాత ఇంట్లో ఏ చిన్న తగవొచ్చినా ఆ మాటే.

ఇంకొక సంగతి చెప్పాలి. శెట్టి పుట్టి బుద్ధెరిగింది తక్కెడ పక్కన. మూట ఎత్తి చూసి బరువు చెప్పగలడు. అలాంటివాడు తొమ్మిదేళ్లు ఒకే కారు నడిపితే ఏమవుతుంది? కాలి కింద పెడలు చెప్పేది కార్లో ఎంతమంది కూర్చున్నారో. డాష్‌బోర్డు మీద మునిరత్నం బిగించిన కరెంటు మీటరు ముల్లు కూడా ఆ తర్వాతే చెప్పేది.

ఆ ఏడు కార్తీకంలో వాన వదలకుండా కొట్టింది. వాసవాంబకు జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. నాలుగోనాటి సాయంత్రానికి ఒళ్లు తెలియడం లేదు. రోడ్ల మీద నీళ్లు. టాక్సీ లేదు. పొద్దుటినుంచి కరెంటు లేక కారులో ఛార్జి అంతంతమాత్రం. పిల్లల్లేని ఇల్లు వాళ్లది. ఆమె లేకపోతే తనేమైపోతాడో అనుకోవడానికి కూడా శెట్టికి ధైర్యం చాలలేదు. గోధుమరంగు శాలువా కప్పి, పక్క సీట్లో కూర్చోబెట్టి, రాయపురం ఆసుపత్రికి బయల్దేరాడు.

వ్యాసర్పాడి రైలు యార్డు దగ్గరికి వచ్చేసరికి వీధి దీపాలు ఆరిపోయి ఉన్నాయి. బొగ్గు కుప్పల మీద వాన పడుతోంది. గుంతలో నీళ్లు చూసి శెట్టి కారు ఒక్క క్షణం ఆపాడు. మళ్లీ పెడలు నొక్కాడు.

కారు బరువుగా కదిలింది.

పాదం అబద్ధం చెప్పదు. ఇద్దరి బరువు కాదు ఇది... ముగ్గురు. మీటరు ముల్లు కూడా పక్కకు ఒరిగింది. తడిసిన బొగ్గు వాసన కారు లోపల గుప్పుమంది. అద్దంలో చూశాడు. వెనక సీటు చీకటి. చీకటి తప్ప ఏమీ లేదు...

"ఏమండీ..." వాసవాంబ గొణిగింది. "వెనక ఎవరండీ?"

శెట్టి అద్దంలోంచి చూపు తిప్పేసుకున్నాడు. "ఎవరూ లేరే. కండ్లు మూసుకో," అన్నాడు.

బ్రిడ్జి ఎత్తు మొదలైంది. కారు మూలిగింది. ఇంకొంచెం పోయి ఆగిపోయింది. పక్కన భార్య ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఇక్కడే ఉండిపోతే ఆమె బతకదు. భయం, కోపం, ఏడుపు, అన్నీ కలిసి గొంతులోకి తన్నుకొచ్చాయి. తొమ్మిదేళ్లుగా నోటికి అలవాటైన మాట, ఆలోచించకుండానే వచ్చేసింది.

"ఎవరన్నా ఒకరు దిగండయ్యా!"

తలుపు చప్పుడు కాలేదు. కానీ కారు తేలికైంది. ఒక మనిషి బరువు తగ్గింది. పెడలు నొక్కితే చక్కగా పైకెక్కింది. శెట్టి కళ్లనీళ్లు తుడుచుకుని పక్కకు చూశాడు. వాసవాంబ అక్కడే ఉంది, తల వాల్చి. అవతల దిగేటప్పుడు రోడ్డు పక్కకు ఆయన చూడలేదు. వెనక్కి అసలే చూడలేదు.

"సమయానికి తెచ్చినారు," అన్నాడు డాక్టరు. తెల్లారేసరికి జ్వరం దిగిపోయింది. శెట్టి దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. శాలువా మాత్రం కనబడలేదు. కారంతా వెతికాడు. వార్డులో అడిగాడు. నర్సు కన్నియమ్మ, "వచ్చినప్పుడే ఒంటి మీద లేదయ్యా," అంది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వాసవాంబ ఎక్కువ మాట్లాడలేదు. నీరసం కాబోలు అనుకున్నాడు. ఎంత తుడిచినా ఆమె జుట్టులోంచి తడి బొగ్గు వాసన పోలేదు. ఇంటికి పంపిస్తామన్న రోజు కాగితాలన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. మళ్లీ తుంపర. ఆ రాత్రినుంచి కారుకు ఛార్జి పెట్టిందే లేదు. కారు దగ్గర ఆమె తలుపు పిడి ఎక్కడుందో తెలియనట్టు తడుముకుంటూ నిలబడింది. తొమ్మిదేళ్లుగా తీసిన తలుపు.

శెట్టే తలుపు తీశాడు.

బ్రిడ్జికి ఇవతల, ఎత్తు మొదలయ్యేచోట, లైటు వెలుతురులో ఒక ఆడమనిషి కనిపించింది. వానలో నిలబడి ఉంది. తల మీదుగా గోధుమరంగు శాలువా. ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఇంకో చెయ్యి కారుకు అడ్డంగా చాపింది.

శెట్టి పై ప్రాణాలు పైనే పోయాయి. తెలియకుండానే బ్రేకు తొక్కాడు.

"ఆపొద్దండి," అంది పక్క సీట్లో ఆమె.

"ఆడ... ఎవరో..."

"ఎవరూ లేరు. పోనీండి."

నిజమే. రోడ్డు మీద ఇప్పుడెవరూ లేరు. వైపరు అటూ ఇటూ తిరుగుతోంది. అంతలో వెనక స్ప్రింగులు కిర్రుమన్నాయి. కారు మెల్లగా కిందికి కుంగింది, ఎవరో అలసిపోయి వచ్చి కూర్చున్నట్టు. పెడలు నొక్కగానే పాదానికి తెలిసింది. ఎన్నాళ్లుగానో మోసిన బరువు. తనకు తెలిసిన బరువు.

వెనకనుంచి, చెవి దగ్గరగా, వణుకుతున్న గొంతు...

"నన్ను వదిలేసి పోయినారే..."

శెట్టి గుండె పగిలిపోయింది. ఎవరు దిగారో ఆ రోజు... తన మాట ఎప్పుడూ జవదాటనిది ఎవరో... ఇప్పుడు తెలిసింది.

కారు ఎత్తు మీద సగం దాకా పోయింది. ముల్లు చివరికి ఒరిగింది. ఆగిపోయింది.

చల్లటి చెయ్యి ఒకటి వచ్చి ఆయన చేతి మీద పడింది. "చెప్పండి," అంది పక్కనున్నది, మెత్తగా. "ఎప్పుడూ చెప్తారే... చెప్పండి."

శెట్టి పెదవులు బిగించాడు. పళ్ల మధ్య నాలుక కొరుక్కున్నాడు. నోట్లో ఉప్పగా రక్తం. ఏమైనా కానీ, ఈ తూరి ఆ మాట అననే అనడు. కారు ఒక అంగుళం వెనక్కి జారింది. ఇంకో అంగుళం...

అప్పుడు పక్క సీట్లోంచి వినిపించింది. ఆయన గొంతే. అదే విసుగు, అదే యాస.

"ఎవరన్నా ఒకరు దిగండయ్యా."

వెనక స్ప్రింగులు మెల్లగా పైకి లేచాయి.