ఏడో నంబరు పడవ

కాప్రా అవతల ఎర్రకుంటలో ఏడో నంబరు పడవకు పాడు పేరు. శనివారం పొద్దుగూకే వేళ దానిలో నడిమధ్యకు పోతే... అడుగు నుంచి ఎవరో తలుపు తట్టినట్టు తడతారట. ఒకసారి కాదు — వదలకుండా. ఎక్కేవాళ్ళు లేరు గానీ, దాని పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్ళకు మాత్రం కొదవ లేదు. మనవాళ్ళ ధైర్యమంతా ఒడ్డుమీదే కదా!

ఇది పురుషోత్తానికి జరిగింది. సికింద్రాబాద్ స్టేషన్లో టికెట్లిచ్చి రిటైరైన మనిషి. ఊరందరినీ రైలెక్కించాడు గానీ, భార్య కల్పలతను ఒక్కసారి పడవెక్కించలేకపోయాడు. పెళ్ళయిన కొత్తలో ఇచ్చిన మాట అది. ఒక ఏడు జలుబన్నాడు, ఒక ఏడు నడుంనొప్పన్నాడు. అసలు సంగతి వేరు. ఆయన జాతకంలో జలగండం ఉందని పంతులు చెప్పాడు. ఆ ముక్క పెళ్ళాంతో చెబితే పరువేం కాను?

ముప్పయ్యో పెళ్ళిరోజు శనివారం పడింది. సాయంత్రం కల్పలత కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇయ్యాల సుత పడవెక్కియ్యకపోతే, ఇగ జన్మల అడగ."

కోపంగా అని ఉంటే ఎలాగో సర్దిచెప్పేవాడే. మెల్లగా అంది. అందుకే భయమేసింది. చెరువుకన్నా ఆ మాటే లోతనిపించి, ఆటో పిలిచాడు.

వాళ్ళు చేరేసరికి మసక చీకటి. పడవలన్నీ నీళ్ళలోనే ఉన్నాయి — ఒక్కటి తప్ప.

"ఏడో నంబరే ఉన్నది సార్..." పడవలు అద్దెకిచ్చే ఓంప్రకాశ్ లైఫ్ జాకెట్లు అందిస్తూ నసిగాడు. "నడుస్తదా?"

"నడుస్తది," అంది కల్పలత, ఆయన నోరు తెరిచేలోపే.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పెడళ్ళు తొక్కారు. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆయన లోలోపల ఆంజనేయ దండకం ఎత్తుకున్నాడు. నడిమధ్యకు వచ్చారు. గాలి ఆగింది. ఒడ్డున దీపాలు చిన్నవైపోయాయి...

టక్.

"నువ్వు తన్నినవా?" గుసగుసగా అడిగాడు.

"లే."

టక్... టక్ టక్. సరిగ్గా ఆయన కాళ్ళ కింద. తరవాత ఆమె కాళ్ళ కింద. తరవాత — చుట్టూతా! నీళ్ళు బుడబుడమన్నాయి.

పురుషోత్తం దండకం మరిచిపోయాడు. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "కల్పా... గండం నాది. నడుమ నిన్నెందుకు తెచ్చిన్నో..."

"గండమేంది?" అంటూనే ఆమె అటూ ఇటూ చూసింది. "జెర తొక్కుండ్రి ముందు!"

తొక్కారు. ఆ తొక్కుడికి పడవ ఒడ్డును ఢీకొట్టి ఆగింది. ఓంప్రకాశ్ పరుగెత్తుకొచ్చాడు.

"పరేషాన్ కాకుండ్రి సార్, అవి చాపలు! మా అమ్మ లచ్చమ్మ కాప్రాల కూరగాయలమ్ముతది. ఆడ ఓ సారుకు జలగండమట. నలభై శనివారాలు చాపలకు పిండి ముద్దలెయ్యమని పంతులు చెప్పిండట. గా సారుకేమో నీళ్ళంటేనే భయం — మా అమ్మ చేతికిచ్చి పంపుతడు. నేను పొద్దుగూకంగ గీ ఏడో నంబరు పడవలనే పోయి ఏస్తా. ఇయ్యాల ముద్దలు రాలే... ఆకలికి పడవను పొడుస్తున్నయ్."

"మరి దయ్యం లేదని అందరికీ చెప్పరాదు?" అంది కల్పలత.

"చెప్తే ఎట్ల మేడం? సగం గిరాకీ దయ్యాన్ని చూడనీకెనే వస్తది."

ఆమె మెల్లగా మొగుడివైపు తిరిగింది. ఆయన లైఫ్ జాకెట్ బకిల్‌తో మహా బిజీగా ఉన్నాడు.

"వారం వారం డబ్బాల గోధుమపిండి తగ్గుతుంటే... మనింట్ల దయ్యమున్నదనుకున్న!"

అని, నవ్వు ఆపుకోలేక గట్టుమీద కూలబడింది. పురుషోత్తం కాసేపు సిగ్గుపడ్డాడు. తరవాత ఆయనకూ నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ భయం ఆ నవ్వులో తేలికైపోయింది.

"ఓంప్రకాశ్, రెండు బ్రెడ్ ప్యాకెట్లు తేపో. ఈ వారానిది నేనే ఏస్తా," అని, ఆమెకన్నా ముందు పడవెక్కి కూర్చున్నాడు.