ఆరు గంటలు ఆలస్యమైన మాట

మధ్యాహ్నం ఒంటిగంటకి అందరూ భోజనాలకి కూర్చున్నాక గోడ గొంతు విప్పింది.

"పళ్ళు తోమించండర్రా, నోరంతా చేదుగా ఉంది."

ఆ గొంతు హర్షితమ్మది. ఆవిడ పళ్ళు తోమడం, టిఫిను పెట్టడం ఎప్పుడో అయిపోయాయి. హాల్లో మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. కోడలు సమన్వి ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి అటూ ఇటూ చూసింది.

"ఇప్పుడు తోమమంటున్నారా, పొద్దున తోమమన్నారా?"

"పొద్దున అన్నదే అయ్యుంటుంది. లేకపోతే నిన్న పొద్దున అన్నదేమో" అన్నాడు కొడుకు విహాన్. మనవరాలు ద్విజ వేళ్ళ మీద లెక్క వేయబోయి మానేసింది.

అది 2084. కాకినాడ తీరానికి రెండు మైళ్ళ దూరంలో, నీటి మీద తేలే ఇళ్ళ కాలనీ. అక్కడ ఇంటింటికీ ఒక గృహమతి ఉంటుంది. గృహమతి అంటే ఇంటి కంప్యూటరే. తలుపులు తియ్యడం, సరుకులు తెప్పించడం, అలలు ఎక్కువైతే ఇల్లు ఒరిగిపోకుండా చూడడం, అన్నీ దాని పనులే. హర్షితమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆ తరం బామ్మలందరూ హర్షితమ్మలూ తేజస్వినమ్మలే. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆవిడ మాట మెల్లమెల్లగా ముద్దయిపోయింది. ఆ ముద్దమాటని రోజూ వింటూ, పెదవుల కదలికా గొంతు అదురూ చూస్తూ, ఏ వేళకి ఆవిడ ఏం అడుగుతుందో గమనిస్తూ, గృహమతి ఆవిడ భాష నేర్చుకుంది. ఆవిడ గొణిగితే, ఆవిడ పాత గొంతుతోనే గోడలోంచి పలికేది. మొదట్లో విహాన్ కూడా తల్లి నోటి దగ్గర చెవి పెట్టి వినేవాడు. మిషను ఉండగా ఈ శ్రమ ఎందుకని కొన్నాళ్ళకి మానేశాడు. ఇప్పుడు ఆవిడ మాట తెలిసినది ఈ భూమ్మీద ఆ గోడ ఒక్కటే.

ఆ గోడకే పదిహేను రోజులుగా నత్తనడక పట్టుకుంది. మొదట అయిదు నిమిషాలు ఆలస్యం, తరవాత గంట, ఇప్పుడు ఆరు గంటలు. దాహం అని ఆవిడ పొద్దున అన్నది సాయంత్రం వినపడుతుంటే ఎవరికి మాత్రం ఏం పాలుపోతుంది?

విహాన్ తనకి తెలిసిన వైద్యమంతా చేశాడు. కంప్యూటర్ పుట్టిన నాటినుంచీ అన్ని రోగాలకీ ఒకటే మందు కదా, ఆపి మళ్ళీ వెయ్యడం. అది మూడుసార్లు చేశాడు. తీగలు ఊడదీసి, దుమ్ము ఊది, మళ్ళీ బిగించాడు. జాగా నిండిపోయిందేమోనని పాత పెళ్ళి వీడియోలు చెరిపేసి సమన్వి చేత చివాట్లు తిన్నాడు. వైరస్ కోసం వెతికించాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, "మెయిన్ స్విచ్ ఆపి ముప్పై దాకా లెక్కపెట్టండి సార్" అన్నారు. అరవై దాకా లెక్కపెట్టాడు. ఆలస్యం మాత్రం తగ్గలేదు.

మర్నాడు తొమ్మిదింటికి డాక్టర్ పెనుమత్స మేధ పడవ దిగింది. యంత్రాల నాడి చూసే దోషదర్శి అనే యంత్రాన్ని కనిపెట్టింది ఆవిడే. పోపులడబ్బా అంత పెట్టె. దాన్ని గృహమతికి తగిలిస్తే జబ్బేమిటో మనుషుల భాషలో చెబుతుంది. గంటసేపు అది ఊ అనలేదు, ఆ అనలేదు.

"వైరస్ ఉందా?" అంది మేధ ఉండబట్టలేక.

"లేదు. జాగా ఉంది. తీగలు బాగున్నాయి. గృహమతికి రోగం లేదు."

"మరి ఎందుకింత ఆలస్యం?"

"పని ఎక్కువై. దాని శక్తిలో నూటికి తొంభై ఆరు పాళ్ళు మూడు గోప్యాజ్ఞలకి పోతోంది. ఆజ్ఞ ముందు, విన్నపం తరవాత. హర్షిత గారి మాటలు విన్నపాలు."

మేధ తెల్లబోయింది. తన యంత్రం ఇలాంటి జవాబు చెప్పడం ఆవిడ ఎన్నడూ వినలేదు. ఇంటివాళ్ళ ముగ్గురికీ ఆవిడే విడమరిచి చెప్పింది. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళెవరైనా గృహమతికి 'ఈ సంగతి మిగతావాళ్ళకి తెలియకూడదు' అని ఆజ్ఞ ఇవ్వచ్చు. అది చట్టం ఇచ్చిన హక్కు. ఆ సంగతేమిటో దోషదర్శి కూడా చూడలేదు. అయితే ఒక అబద్ధం నిలబడాలంటే పది అబద్ధాలాడాలి. సరుకుల జాబితా మార్చాలి. ఒక తలుపు మూడు క్షణాలు ఆగి తియ్యాలి. ఒక గదిలో మాట ఇంకో గదిలోకి పోకుండా చూడాలి. మనిషైతే పదకొండో అబద్ధం దగ్గర తడబడి దొరికిపోతాడు. గృహమతి తడబడదు, దొరకదు. ముగ్గురి అబద్ధాలూ ఒకదానికొకటి తగలకుండా రోజంతా కాపలా కాస్తూ ఉంటుంది.

"మీలో ఎవరైనా అలాంటి ఆజ్ఞ..." అంది మేధ.

"నాకేం లేవండి" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

అప్పుడు టైము పది. మంచం మీద హర్షితమ్మ ఏదో గొణిగింది. చాలాసేపు గొణిగింది. ఎవరికీ అర్థం కాలేదు. సమన్వి వెళ్ళి దిండు సర్దివచ్చింది.

"దారులు రెండే" అంది మేధ. "ఒకటి, మీలో ఏ ఒక్కరైనా ఆజ్ఞ వెనక్కి తీసుకోవడం. ఒక్కటి పోయినా చాలు, కాపలా సులువై ఆలస్యం పోతుంది. కాకపోతే ఆ సంగతి బయటపడుతుంది. రెండోది రీసెట్. అప్పుడు గృహమతి ఈ ఇంటిని మొత్తం మర్చిపోతుంది."

"అమ్మ మాట కూడానా? ఆ ఒక్కటీ తీసి విడిగా దాచలేరా అండి?" అన్నాడు విహాన్. తల్లంటే ప్రేమ ఉన్నవాడే.

"అది విడిగా ఎక్కడుందండి? ఈ ఇంటి అలవాట్లన్నిటిలో కలిసిపోయింది. మళ్ళీ నేర్పుదామన్నా, నాలుగేళ్ళ కిందట ఆవిడ మాట కొంత తెలిసేది. ఇప్పుడు కొత్తగా వినేవాళ్ళకి అది గాలి చప్పుడే. అలా అని వదిలేస్తే, రేపటికి గృహమతి మొత్తం ఆగిపోతుంది. ఇల్లు అలలకి తూగడం మొదలెడుతుంది."

మధ్యాహ్నం మూడుముప్పావు లోపల ఎవరి గదిలో వాళ్ళు, ఎవరికీ తెలియకుండా, దోషదర్శికి జవాబు చెప్పచ్చని గడువు పెట్టారు. ముగ్గురూ లోపలికెళ్ళి తలుపులు వేసుకున్నారు. విహాన్ రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. సమన్వి కళ్ళు తుడుచుకుంది. ద్విజ గోళ్ళు కొరుక్కుంది. ఎవరో ఒకరు వెనక్కి తీసుకుంటారులే అనుకున్నారు ముగ్గురూ. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, మనలాంటి వాళ్ళే.

నాలుగుకి పదినిమిషాలుండగా దోషదర్శి చెప్పింది. "వెనక్కి తీసుకున్న ఆజ్ఞలు, సున్నా."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 'నువ్వైనా తియ్యలేదా' అని అడగాలంటే ముందు తన దగ్గర కూడా ఒకటుందని ఒప్పుకోవాలి. ఎవరూ అడగలేదు. చివరికి విహాన్ తల వంచుకుని, "రీసెట్ చేసెయ్యండి" అన్నాడు.

గృహమతి పావుగంట గడువు పెట్టి, ఆజ్ఞల కాపలా వదిలి, సర్దుకోవడం మొదలుపెట్టింది. సరిగ్గా నాలుగింటికి, పొద్దుటి వరసలో ఉన్న మాట గోడలోంచి వచ్చింది.

"ఓ డాక్టరమ్మా, ఇందులో దాచడానికి ఏముందమ్మా? మావాడికి షుగరు పెరిగింది, రోజూ జిలేబీలు తెప్పించుకు తింటున్నాడు. పెళ్ళానికీ పిల్లకీ తెలుసు. కోడలు పదకొండేళ్ళ కింద తెగతెంపులు చేసుకున్న వాళ్ళక్కతో మళ్ళీ మాట్లాడుతోంది. వాడికీ పిల్లకీ తెలుసు. పిల్ల కాలేజీ మానేసి మూడు నెలలైంది. ఇద్దరికీ తెలుసు. నేను ఎవరికీ చెప్పలేనుగదా అని, ఒకరి సంగతి ఒకరు నా మంచం దగ్గరే వచ్చి చెప్పుకు పోతుంటారు. అందరికీ అన్నీ తెలుసు. తెలుసన్న సంగతి ఒక్కటే తెలీనట్టు ఉంటారు. పాపం ఆ మిషన్ని వదిలెయ్యండర్రా."

"ఇంకా పద్నాలుగు నిమిషాలుంది" అంది మేధ ఆత్రంగా. "ఆజ్ఞ తీసేస్తానని ఒక్కరు ఊ అనండి, రీసెట్ ఆపేస్తాను."

విహాన్ గోడకేసి చూశాడు. తల్లికేసి చూడలేదు. "అమ్మకి ఈ మధ్య కలవరింతలు ఎక్కువయ్యాయండి."

"అవునండి, ఏవేవో అంటూ ఉంటారు" అంది సమన్వి.

"బామ్మ అంతే" అంది ద్విజ.

ముగ్గురూ ఒకే మాట మీద నిలబడడం ఆ ఇంట్లో చాలా కాలానికి అదే మొదలు. మేధ గడువు అయిపోయేదాకా ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూనే ఉంది.

నాలుగుంపావుకి గోడ కొత్త గొంతుతో పలికింది. చురుగ్గా, ఒక్క క్షణం ఆలస్యం లేకుండా.

"నమస్కారం. నేను మీ గృహమతిని. మంచం మీదున్న వారు తమ పేరు చెప్పండి."

హర్షితమ్మ పెదవులు కదిలించింది.

"అర్థం కాలేదు. మరోసారి చెప్పండి."

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఈసారి మెడ నరాలు తేలేటంత గట్టిగా.

"క్షమించండి. ఇంట్లోవాళ్ళెవరైనా చెప్పగలరా, వారు ఏమంటున్నారు?"

"మంచినీళ్ళు అంటున్నట్టుంది" అంది సమన్వి.

"మంచినీళ్ళే" అన్నాడు విహాన్ వెంటనే.

ద్విజ పరుగున వెళ్ళి గ్లాసు తెచ్చి బామ్మ పెదవులకి ఆనించింది. హర్షితమ్మ మనవరాలి కళ్ళలోకే చూస్తూ నోరు బిగించుకుంది. నీళ్ళు గడ్డం మీదుగా దిండు మీదికి కారాయి.